క్లారినెట్ నేర్పించాలనుకుంటున్నారా? కర్ణాటకమా, వెస్టర్నా, బ్యాండా: బెజవాడ, గుంటూరు వాళ్ళ కోసం

క్లారినెట్ నేర్చుకుంటాం అని వచ్చేవాళ్ళు మన వైపు తక్కువే, కానీ వచ్చినవాళ్ళందరూ దాదాపు ఒకటే అడుగుతారు. కర్ణాటక సంగీతం మంచిదా, వెస్టర్న్ క్లాసికల్ మంచిదా? రెండూ మంచివే, అందులో తేల్చడానికి ఏమీ లేదు. నేనైతే ముందు ఇంకోటి అడుగుతాను: పదిహేడో ఏటి నుంచి పాతికేళ్ళు వచ్చేదాకా మీ అమ్మాయో అబ్బాయో ఏ ఊళ్ళో ఉంటారు? ఇక్కడే ఉండాలి అంటే ఒక దారి, పెట్టె సర్దుకుని పోవడానికి ఇంటిల్లిపాదీ ఒప్పుకుంటే ఇంకో దారి, ఇరవై దాటేలోపు చేతికి జీతం రావాలి అంటే మూడోది. ఇది తేల్చుకోకుండా రెండు పడవల మీద కాళ్ళు పెట్టి ఇంటర్ దాకా లాగి, ఆ తర్వాత పెట్టె అటక ఎక్కించిన ఇళ్ళు నాకు బాగానే తెలుసు.

వయసు మాట ముందే చెప్పేస్తాను. ముందు పళ్ళు పాలపళ్ళు పోయి అసలువి వచ్చి ఉండాలి, వేళ్ళు రంధ్రాల్ని పూర్తిగా మూయగలగాలి. మామూలుగా తొమ్మిది, పదేళ్ళకి ఇవి రెండూ కుదురుతాయి. అంతకుముందు తొందరపడొద్దు, ఆ రెండేళ్ళూ పాట నేర్పించండి, ఏ దారిలో వెళ్ళినా పనికొస్తుంది.

వెస్టర్న్ దారి

ఇక్కడ ఇంట్లో కూర్చుని చేయగలిగినవి గ్రేడ్ పరీక్షలు. ట్రినిటీ, ఏబీఆర్ఎస్ఎం అని లండన్ బోర్డులు రెండున్నాయి, రెండింట్లోనూ 8 గ్రేడ్లు, ఆ పైన డిప్లొమాలు. 2020 నుంచి రెండూ వీడియో రికార్డింగ్ మీద కూడా పరీక్ష పెడుతున్నాయి కాబట్టి ఎగ్జామినర్ ఏ ఊరికి వస్తాడా అని ఎదురుచూసే బాధ తప్పింది. ఏబీఆర్ఎస్ఎం పెర్ఫార్మెన్స్ గ్రేడ్ అంటే నాలుగు పీసులు ఒకదాని వెనక ఒకటి, మధ్యలో కెమెరా ఆపకుండా వాయించి పంపాలి. ఒక మెలిక ఉంది: ఈ బోర్డులో ఆరో గ్రేడ్ నుంచి పైకి వెళ్ళాలంటే ఐదో గ్రేడ్ థియరీ పాసై ఉండాలి. వాయించడం బాగా వచ్చేసింది కదా అని థియరీని పక్కన పెడితే సరిగ్గా అక్కడే ఆగిపోతారు, అదీ టెన్త్ పరీక్షలు నెత్తి మీదున్న ఏడాదిలో.

కష్టం గురువు దగ్గర వస్తుంది. బెజవాడలో కీబోర్డు, గిటార్ నేర్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు. పెదవి ఎలా పెట్టాలి, కింది పెదవి మీద రీడు (ఊదే చోట బిగించే పల్చటి రెల్లు ముక్క) ఎంత ఆనాలి, నాలుక ఎక్కడ తగలాలి అని పక్కన కూర్చుని సరిచేసే క్లారినెట్ టీచర్ దొరకడం వేరే సంగతి. ఆన్‌లైన్ క్లాసు తప్పేలా లేదంటే తీసుకోండి, కాకపోతే జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ అనే ఆప్షన్ ఆన్ చేయండి. లేకపోతే పొడుగ్గా పట్టిన స్వరాన్ని అది ఫ్యాను చప్పుడనుకుని మింగేస్తుంది, అవతల టీచరుకి మీవాడు నోరు మూసుకుని కూర్చున్నట్టు ఉంటుంది. మొదటి ఆరు నెలలు మాత్రం నెలకోసారైనా ఎదురుగా కూర్చుని నేర్చుకునే ఏర్పాటు చూసుకోండి. పినాకినీ రైలు పొద్దున్నే ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. పెదవి ఒకసారి తప్పుగా అలవాటైతే దాన్ని మానిపించడానికి, కొత్తగా నేర్పడానికి పట్టేదాని కంటే ఎక్కువ కాలం పడుతుంది.

పియానో సహకారం కూడా కావాలి, ఎందుకంటే గ్రేడ్ పీసుల్లో ఎక్కువ భాగం పియానోతో కలిపి రాసినవే. దీనికి గుంటూరు వాళ్ళకి ఒక వెసులుబాటు ఉంది. 1842లో అమెరికన్ మిషనరీ హేయర్ వచ్చినప్పటి నుంచి లూథరన్ సంఘం ఉన్న ఊరు కదా, చర్చిల్లో కీబోర్డు వాయించేవాళ్ళలో స్టాఫ్ నొటేషన్ (గీతల మీద రాసే వెస్టర్న్ స్వరలిపి) చూసి వాయించగలిగినవాళ్ళు ఎవరో ఒకరు దొరుకుతారు. అడగండి, మొహమాటపడకండి.

ఇక ఎనిమిదో గ్రేడ్ అయిపోయింది, సర్టిఫికెట్ గోడకి తగిలించారు. అది ఉద్యోగం కాదు, అసలు చదువుకి అర్హత మాత్రమే. ఆ తర్వాత మనకి దగ్గర్లో ఉన్నది ఏ.ఆర్. రెహమాన్ 2008లో చెన్నైలో పెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ, దాని తర్వాత విదేశం. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత విద్యాలయంలో ట్యూషన్ ఫీజే లేదు, 1928 నుంచీ అంతే. ఈ మాట విని సంబరపడే ముందు ఇంకోటి కూడా వినండి: ఆర్కెస్ట్రాకి ఎంతమంది క్లారినెట్ వాళ్ళు కావాలో అంతమందినే ఉంచుకుంటారు, అంటే బడి మొత్తం మీద ఒక చేతి వేళ్ళతో లెక్కపెట్టగలిగే సీట్లు, వాటికి ప్రపంచం నలుమూలల నుంచీ పోటీ. జర్మనీలో ప్రభుత్వ సంగీత విశ్వవిద్యాలయాల ఫీజులు చాలా చోట్ల నామమాత్రం, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ళ దగ్గర సెమిస్టర్‌కి 1500 యూరోలు తీసుకుంటారు. చదువు వరకు జర్మనీ బేరం బాగానే ఉంటుంది. ఉద్యోగం దగ్గర పేచీ ఉంది. మనకి ఇక్కడ కొత్తగా దొరికే మంచి వాద్యాలన్నీ దాదాపు బోయెమ్ సిస్టమ్ అనే కీల అమరికతో చేసినవి, జర్మనీ, ఆస్ట్రియా ఆర్కెస్ట్రాల్లో వాయించేది ఓలర్ తరహా జర్మన్ సిస్టమ్. వేళ్ళ అమరిక వేరు, గొట్టం లోపలి కొలత వేరు, నాదం కూడా వేరు. ఉద్యోగ ప్రకటనలోనే జర్మన్ సిస్టమ్ అని రాస్తారు. అక్కడ స్థిరపడే ఉద్దేశం ఉంటే ఇరవై ఏళ్ళ వయసులో వేళ్ళని మళ్ళీ మొదటి నుంచి తిప్పుకోవాలి.

ఆడిషన్ సంగతి చూడండి. ఎక్కడికెళ్ళినా మొజార్ట్ క్లారినెట్ కన్సర్టో వాయించమంటారు, 1791లో, ఆయన పోయిన ఏడాదే రాసింది. అది 'ఎ' (A) శ్రుతి క్లారినెట్‌కి రాసినది, మీ దగ్గరున్న బి ఫ్లాట్ వాద్యానికి కాదు. అంటే ఈ దారిలో సీరియస్‌గా వెళ్ళేవాళ్ళు చివరికి రెండు వాద్యాలు కొనాలి, రెండూ మేలురకం కట్టెవి. ఈ ఖర్చు ఎవరూ మొదట్లో చెప్పరు. అమెరికాలో ఆర్కెస్ట్రా ఉద్యోగానికైతే తొలి రౌండ్లు తెర వెనక ఉండి వాయించాలి, బీతోవెన్ ఆరో సింఫనీలోంచి, మెండెల్సన్ స్కెర్జోలోంచి ముక్కలు అడుగుతారు, ఒక్క తప్పుతో బయటికి.

ఇందులో నెగ్గినవాళ్ళ తొలి ఏళ్ళు ఎలా నడిచాయో చూస్తే లెక్క అర్థమవుతుంది. యాంథొనీ మెక్‌గిల్ చికాగో సౌత్ సైడ్ నుంచి వచ్చాడు. ఊళ్ళో పిల్లల కోసం నడిచే సంగీత పాఠశాలలో మొదలుపెట్టి, ఇల్లు వదిలి బోర్డింగ్ ఆర్ట్స్ స్కూలుకి, అక్కడి నుంచి కర్టిస్‌కి, తర్వాత సిన్సినాటి ఆర్కెస్ట్రాలో రెండో స్థానం లాంటి ఉద్యోగం, ఆపైన మెట్రొపాలిటన్ ఒపెరా, 2014లో న్యూయార్క్ ఫిల్‌హార్మొనిక్ ప్రిన్సిపల్, అంటే క్లారినెట్ వరసలో మొదటి స్థానం. న్యూయార్క్ చేరేదాకా ప్రతి మెట్టుకీ ఊరు మారింది. సబీనె మాయర్‌ది ఇంకో రకం కథ. 1982లో కండక్టర్ కారాయన్ ఆమెని తన బెర్లిన్ ఫిల్‌హార్మొనిక్ ఆర్కెస్ట్రాలోకి తీసుకుంటే, సభ్యులు 73 మంది వద్దని, నలుగురు కావాలని ఓటేశారు. ఆమె తనే తప్పుకుని సోలో కళాకారిణిగా ప్రపంచమంతా తిరిగింది. సోలో దారి ఉంది అని చెప్పడానికి ఈమెని చూపిస్తారు, నేను మాత్రం ఆమె స్థాయి వాయిద్యం ఉన్నా ఆర్కెస్ట్రాలో చోటు ఖాయం కాలేదు అన్న సంగతి గుర్తుపెట్టుకోమంటాను.

మన దేశంలో పూర్తిస్థాయి ప్రొఫెషనల్ ఆర్కెస్ట్రా అంటే ముంబైలో ఎన్‌సీపీఏ (నేషనల్ సెంటర్ ఫర్ ద పెర్ఫార్మింగ్ ఆర్ట్స్) వాళ్ళు 2006లో మొదలుపెట్టిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా. అందులో విదేశీ వాద్యకారులు చాలామంది. ఒక ఆర్కెస్ట్రాలో క్లారినెట్లు రెండు నుంచి నాలుగు. కాబట్టి తిరిగొచ్చి ఇక్కడే వాయిస్తాను అనుకుంటే పాఠాలు చెప్పుకోవడం, అడపాదడపా చెన్నై, హైదరాబాదు రికార్డింగులు, అంతే.

కర్ణాటక దారి

క్లారినెట్ మన కచేరీలోకి కొత్తగా వచ్చిందేం కాదు. 19వ శతాబ్దంలోనే మహదేవ నట్టువనార్ దీన్ని నృత్య మేళంలోకి తెచ్చారని చెబుతారు. దాన్ని ముఖ్య వాద్యంగా కచేరీ వేదిక మీద నిలబెట్టినవాళ్ళలో తిరుచ్చి ఎ.కె.సి. నటరాజన్ పేరు ముందు చెప్పుకోవాలి. ఆయన గాత్రం, నాదస్వరం నేర్చుకుని క్లారినెట్ పట్టిన మనిషి, 2022లో పద్మశ్రీ. ఈ వరస చూడండి, పాట, నాదస్వరం, ఆ తర్వాత క్లారినెట్. మీకు క్లారినెట్ గురువు దొరకకపోయినా ఈ దారి మూసుకుపోదు అనడానికి అదే ఆధారం.

మన జిల్లాల్లో నాదస్వరం ఇంకా బతికే ఉంది. చిలకలూరిపేట బాణీ, ఆదం సాహెబ్ పేరు, తరతరాలుగా వాయిస్తున్న ముస్లిం కుటుంబాలు, రాముడి గుళ్ళో వాయించే షేక్‌లు, ఇదంతా ఈ ప్రాంతం ఆస్తి. అయితే షేక్ చినమౌలానా అంతటివారు కూడా ఆదం సాహెబ్ దగ్గర నేర్చుకున్నాక కావేరి వైపు వెళ్ళి అక్కడి బాణీ పట్టారు, చివరికి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులదీ అదే దారి. పై మెట్టుకి ఊరు వదలడం కర్ణాటక దారిలోనూ ఉంది, కాకపోతే అది ముప్పై ఏళ్ళకైనా పెట్టుకోవచ్చు, పదిహేడుకే పోవాలన్న గడువు లేదు.

చదువుగా కావాలంటే బెజవాడలో ఘంటసాల వెంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది, మొదటి ప్రిన్సిపల్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ. చేరేముందు ఆఫీసులో క్లారినెట్ మీద పరీక్ష ఇవ్వనిస్తారా అని అడగండి, కాదంటే గాత్రంలో చేరి సర్టిఫికెట్, డిప్లొమా చేస్తూ ఇంట్లో క్లారినెట్ మీద అదే పాఠం వాయించుకోవచ్చు. ఫీజు వెస్టర్న్ దారితో పోల్చడానికే లేదు. తిరుపతిలో టీటీడీ వాళ్ళ సంగీత కళాశాల, నాదస్వరం డోలు పాఠశాల కూడా ఉన్నాయి.

ఇప్పుడు అసలు చిక్కు, దీని గురించి గురువులు కూడా సరిగ్గా చెప్పరు. వేణువు, నాదస్వరం మీద ఒక వేళ్ళ అమరికతో మధ్య షడ్జం పలికితే, ఊదడం మార్చి అదే అమరికతో పై షడ్జం తెప్పించవచ్చు. క్లారినెట్ అలా కాదు. దాని గొట్టం ఒక చివర మూసి ఉన్నట్టు పనిచేస్తుంది, అందుకని షడ్జం మీద వేళ్ళుంచి వెనక బొటనవేలి కీ నొక్కితే పై స్థాయి పంచమం పలుకుతుంది. అంటే కింద ఒక అమరిక, పైన ఇంకో అమరిక, ఒకే రాగాన్ని రెండుసార్లు నేర్చుకున్నట్టు. మధ్యలో ఇంకో అడ్డంకి: కింది భాగం అయిపోయి పై భాగం మొదలయ్యే చోట ఒక్క స్వరం పైకి పోవాలంటే దాదాపు అన్ని వేళ్ళూ ఒకేసారి మూయాలి. వెస్టర్న్‌లో దీన్ని సాఫీగా దాటడమే మూడేళ్ళ సాధన. కర్ణాటకంలో సరిగ్గా అక్కడ గమకం పడితే? ఆ స్వరాన్ని ఊపడానికి వేళ్ళు సహకరించవు, పెదవితో లాగాలి. అందుకే ఏ శ్రుతి పెట్టుకోవాలి అన్నది తేలిగ్గా తేల్చేది కాదు. షడ్జం ఎక్కడ పెట్టుకుంటే ఆ అడ్డంకి మీరు ఎక్కువగా వాయించే రాగాల్లో కదలని స్వరం మీద పడుతుందో గురువుతో కూర్చుని నెల రోజులు చూసుకోండి. ఇంకో సంగతి, బి ఫ్లాట్ క్లారినెట్ మీద వెస్టర్న్ పుస్తకంలో సి అని రాసింది వాయిస్తే మన లెక్కలో ఆరున్నర శ్రుతి పలుకుతుంది. నొటేషన్ చదివే అలవాటున్న పిల్లలు శ్రుతి పెట్టె పక్కన పెట్టుకున్న మొదటి రోజు ఇక్కడే తికమకపడతారు.

తొలి సంపాదన ఎక్కడి నుంచి? ఆకాశవాణి విజయవాడ 1948 నుంచి ఉంది, ఆడిషన్‌లో బి గ్రేడ్ వస్తే ముందు ఒక పేరు, అప్పుడప్పుడు ఒక ప్రోగ్రాం. త్యాగరాజ ఆరాధనలు, గుళ్ళలో ఉత్సవాలు, నృత్య ప్రదర్శనలు. కూచిపూడి మనకి పక్కనే, నృత్యానికి పక్కవాద్యంగా క్లారినెట్ బాగా నప్పుతుంది, డాన్స్ టీచర్లతో పరిచయం పెంచుకోండి, సోలో కచేరీల కోసం సభల చుట్టూ తిరగడం కంటే ముందు అక్కడ డబ్బు కనిపిస్తుంది. దీని ఒక్కదాని మీదే ఇల్లు గడుస్తుందని మాత్రం నేను చెప్పను. ఇంకో ఉద్యోగమో, పాఠాలో తోడుండాలి.

రెండూ నేర్చుకుంటే? పద్నాలుగేళ్ళ దాకా నేర్చుకోండి, నష్టం లేదు. పెదవి, ఊపిరి, నాలుక వెస్టర్న్ పద్ధతిలో, చెవి కర్ణాటకంలో. ఈ కలయికతో వచ్చినవాళ్ళ నాదం శుభ్రంగా ఉంటుంది. ఆ తర్వాత రోజుకి రెండు గంటల సాధన రెండుగా చీలితే ఏదీ ముందుకు పోదు.

బ్యాండు, యూనిఫాం

పెళ్ళి బ్యాండుని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఊరేగింపులో నడుస్తూ, ఎండలో, పక్కన డ్రమ్ములు మోగుతుంటే శ్రుతి తప్పకుండా వాయించగలిగినవాడికి ఊపిరి ఎలా వాడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. కాకపోతే ఆషాఢం, మూఢం వస్తే ముహూర్తాలుండవు, ముహూర్తాల్లేకపోతే డబ్బుల్లేవు. సీజన్‌లో రాత్రంతా గట్టిగా ఊది ఊది మెత్తగా వాయించడం మర్చిపోతారు, కచేరీ మీద ఆశ ఉన్నవాళ్ళకి అదొక్కటే భయం.

జీతం ముఖ్యమైతే సైన్యం, నేవీ, పోలీసు బ్యాండ్లు చూడండి. నేవీలో అగ్నివీర్ మ్యుజీషియన్ పోస్టులకి పదో తరగతి చాలు, పాట పాడించి శ్రుతి, లయ చూస్తారు, వాద్యం వాయించి చూపమంటారు. పతకాలు, పెరేడ్‌ల కంటే అక్కడ దొరికే శిక్షణ విలువైనది. నేవీ వాళ్ళకి ముంబైలో ఐఎన్‌ఎస్ కుంజలిలో, ఆర్మీ వాళ్ళకి పచ్‌మఢీలో సంగీత శిక్షణ, అదీ స్టాఫ్ నొటేషన్‌తో, జీతం ఇస్తూ. నాలుగేళ్ళ తర్వాత పాతిక శాతం మందినే ఉంచుకుంటారు, మిగతావాళ్ళు బయటికి. వయసు పరిమితి చిన్నది, నోటిఫికేషన్‌లో పుట్టిన తేదీలు చూసుకోండి.

వాద్యం కొనడం

మీరట్ జలీ కోఠీ నుంచి వచ్చే బ్యాండు క్లారినెట్లు కొన్ని వేలకే దొరుకుతాయి, ఊరేగింపుకి సరిపోతాయి. నేర్చుకునే పిల్లలకి వద్దు, ఎందుకంటే కీ కింద ప్యాడు సరిగ్గా కూర్చోకపోతే స్వరం పలకదు, పిల్లాడు తప్పు తనదే అనుకుని గట్టిగా ఊదుతాడు, పెదవి పాడవుతుంది. నా ఓటు ప్లాస్టిక్‌కి, యమహా వైసీఎల్-255 లాంటిది. పదేళ్ళు వాడి అమ్మినా డబ్బులొస్తాయి. నల్లకట్టె వాద్యం నాదం బాగుంటుంది, అది ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్. కానీ మే నెలలో బెజవాడ ఎండలో కారులో వదిలేసి, తర్వాత ఏసీ గదిలో ఊదితే చీలుతుంది. కొత్తది కొంటే మొదటి వారాల్లో రోజుకి పావుగంట, ఇరవై నిమిషాలు మించి వాయించకూడదు, అంత ఓపిక ఉన్నవాళ్ళకే అది.

పాతది కొంటుంటే కుడి చిటికెన వేలు దగ్గర చూడండి. నాలుగు కీలుంటే బోయెమ్, రెండే ఉంటే పాత ఆల్బర్ట్ సిస్టమ్. కర్ణాటకం ఒక్కటే వాయిస్తాను, గురువు కూడా అదే వాయిస్తారు అంటే ఆల్బర్ట్ తీసుకోవచ్చు. గ్రేడ్లకి మాత్రం బోయెమ్‌దే. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకుని కింది నుంచి పైదాకా ప్రతి స్వరం చూసి కొనండి. రీడు రెండో నంబరో, రెండున్నరో. పెట్టెలో పది వస్తాయి, పదిలో మూడో నాలుగో బాగా పలుకుతాయి, అది మామూలే. రోజూ ఒకటే వాడకుండా మార్చి మార్చి వాడితే ఎక్కువ కాలం వస్తాయి.

నేనైతే ఎవరికి ఏది చెబుతానంటే

పదేళ్ళ పిల్ల, ఇంట్లో పాట వినపడే ఇల్లు, ఊరు వదిలే ఉద్దేశం లేదు: ప్లాస్టిక్ బోయెమ్ కొని, గాత్రం గురువు దగ్గర చేర్చి, ఆన్‌లైన్‌లో మూడో గ్రేడ్ దాకా వెస్టర్న్. పన్నెండేళ్ళకి నాలుగో గ్రేడ్ అయిపోయి, ఇంగ్లిష్ బాగా వచ్చి, పరాయి దేశం పంపడానికి డబ్బు, ధైర్యం రెండూ ఉన్న ఇల్లు: వెస్టర్న్ ఒక్కటే, ఇప్పటి నుంచే. పదిహేనేళ్ళు దాటాక మొదలుపెట్టేవాళ్ళకి కన్సర్వేటరీ కల అమ్మే టీచర్ల మాట నేను నమ్మను. వాళ్ళకి కర్ణాటకమో, యూనిఫాం బ్యాండో. సన్నాయి వాయించే ఇంటి పిల్లాడైతే ఇక ఆలోచనే అక్కర్లేదు, చెవి ఎలాగూ ఉంది, నొటేషన్ నేర్చుకుంటే నేవీ ఆడిషన్‌లో అందరికంటే ముందుంటాడు.

వీటన్నిటినీ తలకిందులు చేసేది మన ఊళ్ళో ఇంకోటుంది, ఇంటర్. వెస్టర్న్ దారిలో ఆరు నుంచి ఎనిమిదో గ్రేడ్ దాకా, కర్ణాటకంలో వర్ణాలు దాటి కృతులు, కల్పన స్వరాలు పట్టే వయసు సరిగ్గా ఆ రెండేళ్ళే. రెసిడెన్షియల్ కాలేజీలో పొద్దున ఐదింటి నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్ అంటే సాధన లేదు. రెండేళ్ళు పెదవి వదిలేస్తే తిరిగి తెచ్చుకోవడానికి ఏడాది పోతుంది, కన్సర్వేటరీ ఆడిషన్ వయసు ఆ లోపు దాటుతుంది. డే స్కాలర్‌గా చేర్చడమో, ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ రాయించడమో ఇంట్లో మాట్లాడుకోండి. హాస్టల్ తప్పదంటే ఫీజు కట్టేముందే రోజుకి గంటసేపు వాయించుకోవడానికి గది ఇస్తారా అని అడిగి, సరే అంటే ఆ మాట కాగితం మీద రాయించుకోండి.